రెండు నిమిషముల విమానయానము

పొయ్యిమీద పాలగిన్నె పెట్టి, పాలు పొంగువరకు కనిపెట్టుకొని నిలుచుట మనలో ప్రతివారికిని అనుభవమే. లీటరు పాలు పొంగుటకు అయిదారు నిమిషములైనను పట్టును. ఆ పాలు వెచ్చబడునంతలోనే ఒక విమానము ఒక ద్వీపమున నేల విడిచి, సముద్రము దాటి, మఱియొక ద్వీపమున దిగిపోవు ననిన మీరు నమ్మెదరా? ఇది కట్టుకథ కాదు. ఒకనాడు వేడుకకై చేసి చూపిన విన్యాసమును కాదు. టిక్కెట్టు కొని జనులు దినదినము ఎక్కు మామూలు సర్వీసు. టైముపట్టికలో దానికి వ్రాసిన కాలము రెండే నిమిషములు. ప్రపంచములో నియమముగా నడచు విమాన సర్వీసులలో ఇంతకంటె పొట్టిది లేదని ప్రసిద్ధి.

ఈ సంగతిని వింతగా చెప్పి విడిచిపెట్టుట మా యుద్దేశము కాదు. రెండు నిమిషముల దారికి విమానమేల? దూరమును మైళ్లతో కొలుచుట సరియా, గడియలతో కొలుచుట సరియా? ఈ ప్రశ్నలు విమానమెక్కు వారికే గాక, ఇంటిలోనుండి ఎదురుచూచు వారికి మఱింత ముఖ్యమైనవి. అందుచేతనే ఈ నెల ఈ విషయమును గూర్చి నాలుగు మాటలు వ్రాయ బూనినాము.

బ్రిటను దీవియొక్క ఉత్తరభాగమునకు స్కాట్లండని పేరు. దాని ఉత్తరపు కొన దాటిన పిమ్మట పెంట్లండు ఫర్త్ అను జలసంధి యున్నది. ప్రవాహవేగమునకు పేరుపడిన ఆ జలసంధి కావల ఆర్క్నీ ద్వీపములు కలవు. చిన్నవియు పెద్దవియు కలిసి అవి సుమారు 70. వానిలో జనులు కాపురముండునవి ఇరువది వరకు మాత్రమే. ముఖ్యపట్టణము కర్క్‌వాల్. పెద్ద ఆస్పత్రియు, పెద్ద హైస్కూలును అక్కడనే కలవు. కర్క్‌వాలునకు ఉత్తరముగా సుమారు 40 కిలోమీటర్ల దూరమున పాపా వెస్ట్రే అను చిన్న ద్వీపమున్నది. దాని పొడవు నాలుగు మైళ్లు, వెడల్పు ఒక్క మైలు. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలలో అక్కడి జనసంఖ్య 90. దాని ప్రక్కనే వెస్ట్రే అను మఱియొక ద్వీపము కలదు. అది కొంత పెద్దది. అదే లెక్కలలో అక్కడ సుమారు 600 మంది యుండిరి.

ఈ రెండు ద్వీపముల విమానాశ్రయముల నడుమ దూరము 2.7 కిలోమీటర్లు, అనగా 1.7 మైళ్లు. స్కాట్లండు రాజధానియైన ఎడింబరోలోని విమానాశ్రయమున రన్‌వే పొడవే ఇంచుమించుగా ఇంత యుండును. విమానాశ్రయమనగానే మన కన్నులకు అద్దపు గోడలును, నడచు మెట్లును, దుకాణములును తోచును. ఇక్కడ అట్టివి లేవు. పచ్చిక బయలు, చిన్న గది, గాలి దిక్కు తెలుపుటకు కఱ్ఱకు కట్టిన గుడ్డసంచి, మంటలార్పు బండి, అంతే. ఆ బండిని చూచుకొనువారు ద్వీపవాసులే. విమానము వచ్చు వేళకు తమ పనులు మాని వచ్చి, అది పోయిన పిమ్మట మరల తమ పనులకు పోవుదురు.

ఒకటిన్నర మైలు దాటుటకు విమానమేల యని నవ్వువారు నీటి నడుమ కాపురముండి యెఱుగరు. ఈ సందర్భమున మా యింటి సంగతి యొకటి చెప్పవలసి యున్నది. మా మేనత్తగారి అత్తవారిల్లు గోదావరి లంకలో నుండెడిది. రేవున నిలుచున్నచో ఆవలి గట్టున వైద్యుని యింటి దీపము కనిపించుచుండెను. పట్టపగలు మంచి నీటిలో పడవ వేసినచో అరగంటలో ఆవలి గట్టు చేరవచ్చును. ఒక శ్రావణమాసమున వరద పొంగి వచ్చిన రాత్రి ఆమె కోడలికి నెలలు నిండకుండగనే నొప్పులు ప్రారంభమయ్యెను. రేవునకు పోయి పడవవానిని లేపిరి. అతడు నీటిని చూచి, "అమ్మా! తెల్లవారువరకు పడవ వేయను. వేసితినా, ఒకరికి బదులు పదిమంది పోవుదురు" అనెను. అతనిని తప్పుపట్టుటకు లేదు. రాత్రి తొమ్మిది గంటలు మొదలు తెల్లవారువరకు ఆడువారందఱు ఆ దీపమును చూచుచు కూర్చుండిరి. తెల్లవారిన పిమ్మట పడవ వేసిరి. తల్లి దక్కినది. బిడ్డ దక్కలేదు. మైలు దూరమని అందఱును చెప్పుకొను ఆ దారి ఆ రాత్రి తొమ్మిది గంటల దారియయ్యెను. మా మేనత్తగారు బ్రదికియున్నంత కాలము "ఎంత దూరము?" అని యెవరైన అడిగినచో "ఏ వేళకు?" అని ఎదురు ప్రశ్న వేయుచుండెడివారు.

ఆర్క్నీ సముద్రము గోదావరి వరదకంటె దయగలది కాదు. అట్లాంటికు మహాసముద్రమును ఉత్తరసముద్రమును అచ్చట కలియును. చలికాలమున తుపానుగాలులు తరచుగా వీచును. మార్గశిర పుష్యమాసములలో అక్కడ పగలు మిక్కిలి పొట్టిది. సముద్రము ప్రశాంతముగా నున్నపుడు వెస్ట్రే నుండి పాపా వెస్ట్రేకు చిన్న ఓడలో పోవుటకు అరగంట వరకు పట్టును. కర్క్‌వాల్ నుండి వెస్ట్రేకు పెద్ద ఓడలో సుమారు ఒకటిన్నర గంట. సముద్రము కోపించినచో ఎంతకాలమో చెప్పగలవారు లేరు. విమానమునకును గాలివానయు పొగమంచును అడ్డే. కాని అలలకు భయపడవలసిన పని దానికి లేదు. గాలి కొంచెము తెరపి యిచ్చినచో పని ముగించుకొని వచ్చును.

ఈ ద్వీపములకు విమానము వచ్చిన చరిత్ర చిన్నదే యైనను తెలిసికొనదగినది. కెప్టెన్ ఎడ్మండ్ ఫ్రెసన్ అను వైమానికుడు హైలండ్ ఎయిర్‌వేస్ అను కంపెనీని స్థాపించి, 1933వ సంవత్సరము మే 8వ తేదీన ఇన్వర్నెస్ పట్టణమునుండి విక్ మీదుగా కర్క్‌వాలునకు నియమముగా విమానములు నడుప మొదలుపెట్టెను. మఱుసటి సంవత్సరము మే 29వ తేదీన ఆర్క్నీకి మామూలు తపాలా బిళ్ల వెలకే ఉత్తరములు విమానముపై పోవ నారంభించినవి. బ్రిటను లోపల ఇట్టి నిత్యవిమాన తపాలాకు అదియే ఆరంభము. 1967వ సంవత్సరమున లోగన్‌ఎయిర్ అను స్కాట్లండు కంపెనీ ఆర్క్నీ ద్వీపముల నడుమ సర్వీసులను నడుప మొదలిడెను. మనము చెప్పుకొను రెండు నిమిషముల సర్వీసు అప్పటిది. ఒక విమానము కర్క్‌వాలునుండి బయలుదేరి, పల్లెల బస్సువలె, వెస్ట్రేలో దిగి, అచ్చటి వారిని దింపి, పాపా వెస్ట్రేకు పోవును. ఆ రెండు మజిలీల నడుమ ముక్కయే ప్రపంచమున పొట్టి ప్రయాణముగా పేరుపొందినది.

ఆ విమానమునకు ఐలండరని పేరు. ద్వీపవాసి యని దాని యర్థము. రెండు ఇంజనులు, పైన పఱచిన రెక్కలు, పైలటు గాక ఎనిమిది తొమ్మిది మందికి చోటు. ఒక ప్రయాణికుడు పైలటు ప్రక్కనే కూర్చుండవచ్చును. రెక్కలు తలకు పైన నుండుటచేత క్రింది సముద్రమును పొలములును చక్కగా కనబడును. మన యూళ్లలో పెద్ద మోటారుబండి నెక్కినట్లే దాని నెక్కవలెను. ఇంత చిన్న విమానములో ఎవరు ఎక్కడ కూర్చుండవలెనో బరువును బట్టి నిర్ణయింతురు. తరాజు రెండు తట్టలు సరిగా నుండవలెనను సూత్రమే ఇది.

ఇక దూరము కాలముగా మాఱు లెక్కను చూతము. లెక్క యనగానే పత్రిక మూసివేయకుడు. బియ్యము, పప్పు, చాకలి పద్దు లెక్కించువారికి ఇది కష్టమైనది కాదు. ఐలండరు విమానము గంటకు సుమారు 240 కిలోమీటర్ల వేగమున పోవుననుకొందము. అనగా నిమిషమునకు నాలుగు కిలోమీటర్లు. 2.7 కిలోమీటర్లకు నలువది సెకండ్లు చాలును. మఱి టైముపట్టికలో రెండు నిమిషములని ఏల వ్రాసిరి? విమానము నిలుచున్న చోటినుండియే వేగముగా పోజాలదు. పరుగెత్తి లేవవలెను. దిగునపుడు వేగము తగ్గించుకొనవలెను. అంతకంటె ముఖ్యముగా, విమానము గాలికి ఎదురుగా లేచి గాలికి ఎదురుగా దిగుట క్షేమము. గాలి దారికి అడ్డముగానో వెనుకనుండియో వీచుచున్నచో, విమానము చుట్టు తిరిగి రావలెను. ఆ చుట్టులో కాలము పోవును. అన్నియు అనుకూలించిన యొకనాడు స్టువర్ట్ లింక్లేటర్ అను పైలటు ఈ దారిని 53 సెకండ్లలో ముగించెను. ఈ సర్వీసునకు అదియే రికార్డు. ఆయన 2013వ సంవత్సరమున ఉద్యోగము విరమించు లోపల ఈ చిన్న దారిని పండ్రెండువేల సార్లకు పైగా ఎగిరినారు. మఱి యే పైలటును ఇన్ని పర్యాయములు ఈ దారిని పోయి యుండలేదు.

గాలినిగూర్చి మఱియొక చిత్రమున్నది. ఎదురుగాలి పోవునపుడు ఆలస్యము చేసినచో, తిరిగి వచ్చునపుడు అదే గాలి వెనుకనుండి తోయును గనుక లెక్క సరిపోవునని మనము తలంతుము. సరిపోదు. కర్క్‌వాల్ నుండి పాపా వెస్ట్రేకు 40 కిలోమీటర్లు. గాలి లేనిచో పోవుటకు పది నిమిషములు, వచ్చుటకు పది, మొత్తము ఇరువది. గంటకు 60 కిలోమీటర్ల గాలి ఎదురుగా వీచుచున్నచో విమానపు వేగము 240 నుండి 180కి తగ్గును. పోవుటకు 13 నిమిషముల 20 సెకండ్లు పట్టును. వచ్చునపుడు వేగము 300 అగును. వచ్చుటకు 8 నిమిషములు. మొత్తము 21 నిమిషముల 20 సెకండ్లు. గాలి తీసికొన్న దంతయు తిరిగి ఈయలేదు. ఏలననగా, అది మనలను అడ్డగించునపుడు ఎక్కువసేపు అడ్డగించును, తోయునపుడు కొంచెముసేపే తోయును. లేచుటకును దిగుటకును పట్టు కాలమును ఈ లెక్కలో చేర్చలేదు.

ఈ సంగతి చిన్న ద్వీపములకే గాదు, మనకును పనికివచ్చునదే. అమెరికాలో కాపురమున్న కుమార్తెలను చూడబోవు తల్లులు నేడు మన యిండ్లలో అనేకులు కలరు. అట్లాంటికు మహాసముద్రముమీద పడమటికి పోవు విమానమునకు, తూర్పునకు వచ్చు విమానముకంటె ఎక్కువ కాలము పట్టుట అనుభవజ్ఞు లెఱిగినదే. పైని పడమటినుండి తూర్పునకు వీచు బలమైన గాలులే దానికి కారణము. ఢిల్లీనుండి చికాగోకు పోవునపుడు విమానము తిన్నగా పడమటికి పోక, ఉత్తరమునకు ఏల ఎగబ్రాకుచున్నదని ఆశ్చర్యపడువారును కలరు. దీనికి వంటయింటిలోనే సమాధానమున్నది. గుండ్రని గుమ్మడికాయ నొకదానిని తీసికొనుడు. దాని నడుమకును ముచ్చికకును మధ్యగా, ఈ ప్రక్కన ఒక చుక్క, ఆ ప్రక్కన ఒక చుక్క పెట్టుడు. రెండింటి నడుమ దారమును బిగించి పట్టినచో, దారము అడ్డముగా నడుము వెంబడి పోక, ముచ్చికవైపునకు జరుగును. భూమియు గుండ్రనిదే. బిగిసిన దారము చూపు దారియే దగ్గఱి దారి. విమానముల దూరమును కట్టునది దీనినిబట్టియే. కాగితపు పటము బల్లపరుపుగా నుండుటచేత ఆ దగ్గఱి దారి మన కన్నులకు వంకరగా తోచుచున్నది.

లెక్క ఇంతటితో ముగియలేదు. ఇంటి గడప దాటినది మొదలు అవతలి యింటి గడప త్రొక్కువరకు పట్టునదే నిజమైన ప్రయాణకాలము. ఎగురు కాలము అందులో నొక భాగము మాత్రమే. విమానాశ్రయమునకు చేరుట, సామాను తూచుట, మబ్బు విడుచువరకు వేచియుండుట, దిగిన పిమ్మట బండి దొరకుట, ఇవన్నియు కలుపవలెను. స్కాట్లండుకు పడమట బారా యను ద్వీపమొకటి కలదు. అక్కడ రన్‌వే లేదు. సముద్రపుటొడ్డున ఇసుకయే రన్‌వే. దినమునకు రెండు పర్యాయములు ఆటుపోటులచేత ఆ ఇసుక మునుగును. అందుచేత అక్కడి విమానముల వేళలను గడియారమును చూచి గాక, పోటు వేళలను చూచి నిర్ణయింతురు. 1936వ సంవత్సరమునుండి అక్కడ ఇట్లే విమానములు దిగుచున్నవి. ఈనాటి వేళ రేపటికి పనికిరాదు. బారా గృహిణికి ప్రయాణపు వేళను చెప్పువాడు చంద్రుడే.

ఈ రెండు నిమిషముల విమానము నెక్కువారెవరు? వింత చూడవచ్చి, ఎక్కితిమను పత్రమును తీసికొని పోవు యాత్రికులు కొందఱు. వారిని విడిచినచో, మిగిలినవారు పనిమీద పోవువారే. పాఠము చెప్పబోవు ఉపాధ్యాయినులు, రోగులను చూడబోవు వైద్యులు, ఆస్పత్రికి పోవు రోగులు ఇందు కలరు. పదవతరగతికి దగ్గఱపడిన పిల్లలకు చిన్న ద్వీపములలో చదువు సాగదు. కర్క్‌వాల్ హైస్కూలులో చేరి, అక్కడి హాస్టలులో నుండి చదువుదురు. బిడ్డను హాస్టలులో విడిచిన తల్లికి, ఆ బిడ్డకు జ్వరము తగిలినదని తెలిసినపుడు, పదునైదు ఇరువది నిమిషములలో చేరగలనను మాట ఎంత ధైర్యమిచ్చునో మనము ఊహింపవచ్చును. ద్వీపములకు విమానముపై పోయి బ్యాంకు పని చూచు ఉద్యోగిని యొకతె, పదివేల పర్యాయములకు పైగా ఇట్లు ఎగిరినదని 2016వ సంవత్సరమున పత్రికలు వ్రాసినవి. మన యూరి ఉపాధ్యాయిని సిటీబస్సు నెక్కునట్లే ఆమె విమానము నెక్కినది.

విమానమునకు నిమిషముల విలువను నిజముగా నేర్పినది రోగులే. 1933వ సంవత్సరము మే 14వ తేదీన స్కాట్లండుకు పడమటనున్న ఐలే ద్వీపమున ఒక జాలరికి కడుపులోని పుండు పగిలి ప్రాణము మీదికి వచ్చెను. ఓడలోను బండిమీదను గ్లాస్గో చేరుటకు దినమంతయు పట్టును. అంతవరకు అతడు బ్రదుకుట దుర్లభము. మిడ్లండ్ అండ్ స్కాటిష్ ఎయిర్ ఫెరీస్ అను కంపెనీ విమానము అతనిని ఎక్కించుకొని గ్లాస్గో చేర్చెను. శస్త్రము జరిగి అతడు బ్రదికెను. స్కాట్లండులో రోగిని విమానముపై ఆస్పత్రికి చేర్చుట అదియే మొదలు.

ఆ కంపెనీలోనే ఆ సంవత్సరమున పైలటుగా చేరిన యువతి విన్‌ఫ్రెడ్ డ్రింక్‌వాటర్. ఆమె 1913వ సంవత్సరమున పుట్టినది. పదునేడేండ్లకే విమానము నడుప నేర్చి, పందొమ్మిదేండ్లకు 1932లో ప్రయాణికులను తీసికొనిపోవు వృత్తి లైసెన్సును సంపాదించెను. గ్లాస్గో ప్రాంతమునుండి దూరపు ఊళ్లకు నియమముగా విమానములు నడిపినది. ఆడువారికి కారు నడుప వచ్చునా యని తర్కములు జరుగు దినములలో, ఆమె మబ్బులలో దారి చూచుకొని ప్రయాణికులను గమ్యము చేర్చుచుండెను.

మఱియొక స్త్రీని గూర్చి చెప్పక ఈ వ్యాసమును ముగింప మనసొప్పదు. ఈ ద్వీపముల రోగులను విమానముపై తెచ్చుటకు గ్లాస్గోలోని సదరన్ జనరల్ ఆస్పత్రి నర్సులు తమంతట తాముగా ముందుకు వచ్చి పోవుచుండెడివారు. వారిలో జీన్ కెన్నెడీ యొకతె. 1957వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన ఐలే ద్వీపమునుండి రోగిని తెచ్చుటకై ఆమె బయలుదేరెను. వాతావరణము చెడియుండెను. ఐలేలో దిగబోవుచుండగా విమానము కూలెను. ఆమెయు, పైలటును, రేడియో ఉద్యోగియు, ముగ్గురును మరణించిరి. పిమ్మట ఆ పనికే నియమించిన విమానమొకదానికి సిస్టర్ జీన్ కెన్నెడీ యని ఆమె పేరు పెట్టిరి. ఎవరో యెఱుగని యొక రోగికొఱకు, వెళ్లి తీరవలెనను నిర్బంధము లేకుండగనే, ఆమె ఆనాడు విమానమెక్కినది. దూరమును తగ్గించుట యంత్రమొక్కదానివలన జరుగు పని కాదని ఆమె చావు తెలుపుచున్నది.

ఇప్పుడొక ప్రశ్న మిగిలినది. తొంబదిమంది యున్న ద్వీపమునకు విమానము నడుపుట లాభసాటి బేరము కాదు. టిక్కెట్ల వలన వచ్చు సొమ్ము చాలదు. ఆర్క్నీ ద్వీపముల కౌన్సిలు ప్రజల సొమ్మునుండి సాయము చేయుటచేతనే ఈ సర్వీసు నడచుచున్నది. ఇంత కొద్దిమందికై అంత వ్యయమేల? వారినే పెద్ద పట్టణమునకు తరలింపరాదా యని అడుగువారుందురు. మేము ఈ వాదమును త్రోసిపుచ్చుట లేదు. ఇల్లు నడుపువారికి ఖర్చు మాట ఎత్తకుండుట సాధ్యము కాదు. కాని ఖర్చును లెక్కించునపుడు రెండవ తట్టలో నేమున్నదో కూడ చూడవలెను.

పాపా వెస్ట్రే పడమటి యొడ్డున నాప్ ఆఫ్ హౌవర్ అను రాతి యిల్లొకటి కలదు. ఉత్తర ఐరోపాలో నిలిచియున్న రాతియిండ్లలో అదియే మిక్కిలి ప్రాచీనమైనదని చెప్పుదురు. క్రీస్తుకు పూర్వము సుమారు 3700వ సంవత్సరము నాటిది. ఒకదానిప్రక్క నొకటిగా రెండు కట్టడములు, నడుమ దారి, రాతి బల్లలు, అలమరలు, ధాన్యము నూరు రాయి అందున్నవి. అయిదువేల ఏడువందల ఏండ్లక్రిందట ఒక గృహిణి ఆ రాతిమీద ధాన్యము నూరినది. అంత ప్రాచీనమైన కాపురము కలిగిన ద్వీపమున 2001వ సంవత్సరపు లెక్కలలో మిగిలినవారు 65 మంది. 2011 నాటికి వారు 90 మందియైరి. దీనికి విమానమొక్కటే కారణమని చెప్పుట న్యాయము కాదు. 1978లో ద్వీపవాసులు సహకార సంఘమును స్థాపించి, అంగడిని, వసతిగృహమును నడుపుకొనుచు తమ యూరిని నిలుపుకొనుటకు పాటుపడినారు. కాని ఆస్పత్రికి దారి లేనిచో, చిన్న బిడ్డలుగల ఏ తల్లి అక్కడ కాపురమునకు వచ్చును? వచ్చినను ఎన్నాళ్లుండును? ఊరు ఊరుగా నిలుచుటకు మొదట కావలసినది అక్కడ బిడ్డను పెంచుటకు ఒక స్త్రీకి ధైర్యము కలుగుట.

మనలో అనేకులకు విమానముతో పని లేకపోవచ్చును. కాని ప్రతి యింటికిని దూరముతో పని యున్నది. కనుక మా మేనత్తగారి ప్రశ్ననే మీ ముందుంచుచున్నాము. దగ్గఱి ఆస్పత్రి ఎంత దూరమని మైళ్లు చెప్పుకొని తృప్తిపడకుడు. అర్ధరాత్రివేళ, వానకాలమున, బండి దొరకనినాడు ఎంత కాలము పట్టునో ఒకసారి లెక్కవేసి చూడుడు. ఏ దారి వరదకు మునుగునో, ఏ వంతెన దాటవలెనో, రాత్రి పిలిచిన వచ్చు బండివాడెవరో, అంబులెన్సునకు ఏ నంబరునకు ఫోను చేయవలెనో ఒక కాగితముమీద వ్రాసి, వంటయింటి తలుపున అంటించుడు. ఇంటిలో గర్భవతి యున్నచో ఈ పని నేడే చేయుడు. నెలలు నిండవచ్చినపుడు, ఆ లెక్క భయపెట్టునట్లుండినచో, ముందుగనే ఆస్పత్రికి దగ్గఱనున్న బంధువుల యింటికి చేర్చుట మేలు. ఆనాడు మా మేనత్తగారి యింట ఎవరికిని ఈ లెక్క తోచలేదు.

పాపా వెస్ట్రే స్త్రీలు ఈ లెక్కను చిన్ననాటినుండియే యెఱుగుదురు. వారికి రెండు నిమిషములు విమానముమీద, పదునైదు నిమిషములు కర్క్‌వాలునకు, గాలి యెటు వీచుచున్నదో గుడ్డసంచి చెప్పును. మన లెక్క మనము వేసికొనవలసి యున్నది.